దాతల జాబితాలో దాగిన కులం

మా ఊరి రామాలయంలో సీలింగు ఫ్యాను రెక్కల మీద దాత ఇంటిపేరు, పేరు తెల్లరంగుతో రాసి ఉండేవి. గుడి మెట్ల పక్కన నల్లరాతి పలక మీద నూటపదహార్లు ఇచ్చినవారి నుంచి గాలిగోపురం కట్టించినవారి దాకా అందరి పేర్లూ వరుసగా చెక్కి ఉండేవి. మా వాడ నుంచి ఒక్క పేరూ లేదు. మావాళ్ళు ఇవ్వక కాదు. మా తాత, ఆయన తోటివారు కలిసి మోసుకెళ్ళి ఇచ్చిన కందుల బస్తాలు గుడి లెక్కల పుస్తకంలో ‘వాడవాళ్ళు’ అన్న ఒక్క మాట కింద జమ అయ్యాయి. ఇచ్చిన చేతులు పాతిక, నమోదైన పేర్లు సున్నా.

ఎప్పుడూ ఇలాగే ఉండేదనుకోనక్కరలేదు. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట ఇదే కృష్ణ ఒడ్డున అమరావతి స్తూపానికి రాతిపలకలు దానం చేసినవారి పేర్లను ప్రాకృతంలో చెక్కారు. వారిలో విధికుడనే చర్మకారుడు ఉన్నాడు. ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడతడు. తల్లి, భార్య, సోదరులు, బిడ్డలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను సమర్పించినట్లు ఆ శాసనం చెబుతుంది. పేరు, తండ్రి పేరు, వృత్తి, ఇచ్చిన వస్తువు అన్నీ అందులో ఉన్నాయి. తోలుపని చేసేవాడు తన వృత్తిని దాచుకోకుండా, తలదించుకోకుండా రాతి మీద నిలిచిన కాలం ఒకటి ఈ నేల మీద ఉండేది. అక్కడి నుంచి ‘వాడవాళ్ళు’ అన్న మాట దాకా సాగిన పతనమే మన కుల చరిత్ర.

ఇదంతా ఇప్పుడు గుర్తు చేయడానికి కారణముంది. దాతల జాబితా ఎన్నడూ ఉత్త జమాఖర్చుల లెక్క కాదు. ఎవరికి పేరుంది, ఎవరికి లేదు, ఎవరు ఎవరి పక్షాన నిలబడ్డారు అన్నది చెప్పే సామాజిక పత్రమది. ఆ పత్రాన్ని చదివే పని ఇప్పుడు మనుషుల చేతుల్లోంచి యంత్రాల చేతుల్లోకి పోతోంది. కృత్రిమ మేధ ఏజెంట్లు వాడుకోవడానికి వీలుగా దాతల వివరాలను వెతికిపెట్టే సాధనాలు తయారవుతున్నాయి. ఈ పరిణామాన్ని సాంకేతిక నిపుణులకు వదిలేయడం పీడిత కులాలకు క్షేమం కాదని నా అభిప్రాయం.

ముందుగా ఆ సాధనం ఏమిటో చెప్పుకుందాం. ఏజెంట్ అంటే అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి ఊరుకునే యంత్రం కాదు. ఒక పని అప్పగిస్తే దాన్ని మెట్లు మెట్లుగా విడగొట్టుకుని, కావలసిన చోట వెతికి, దొరికినదాన్ని మరోచోట సరిపోల్చి, చివరికి నివేదిక తయారుచేసి ఇచ్చే గుమాస్తా వంటిది. అలా వెతకడానికి దానికి బయటి సమాచార నిధులతో అనుసంధానం కావాలి. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే బహిరంగ ప్రమాణాన్ని ప్రకటించిన తరువాత ఇటువంటి అనుసంధానాలు రాయడం సులువైంది. వాటిలో రాజకీయ విరాళాల జాబితాలను వెతికేవి ఒక రకం.

ఇందుకు అత్యంత అనువైన జాబితా అమెరికాది. అక్కడి ఫెడరల్ ఎన్నికల సంఘం చట్టప్రకారం, 200 డాలర్లకు మించి ఇచ్చిన ప్రతి వ్యక్తి పేరు, చిరునామా, వృత్తి, యజమాని సంస్థ పేరు ప్రచురించాలి. ఎవరైనా చూడవచ్చు. పౌరులు, శాశ్వత నివాసులు మాత్రమే ఇవ్వవచ్చు కాబట్టి హెచ్‌-1బి వీసా మీద వెళ్ళిన మన పిల్లలు అందులో ఉండరు. స్థిరపడిన తెలుగువారు మాత్రం బాగానే కనిపిస్తారు.

నా తరగతిలో ఒక విద్యార్థి ఈ సాధనాన్ని తన ల్యాప్‌టాప్‌లో చూపించాడు. అతని ఆసక్తి న్యాయమైనదే. కులవివక్షను పేరుపెట్టి నిషేధించే బిల్లును కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించింది. 2023 అక్టోబరు 7న అక్కడి గవర్నరు దాన్ని వీటో చేశారు. ఆ బిల్లుకు అటూ ఇటూ నిలిచిన ప్రవాస భారతీయులు ఎవరికి ఎంత ఇచ్చారో తెలుసుకోవాలని అతడు కోరాడు. కానీ తరగతి గదిలో కుతూహలం ఒకచోట ఆగదు. మరొకరు అడిగారు: ‘తెలుగువారిలో ఏ కులంవారు ఏ పార్టీకి ఎక్కువగా ఇచ్చారో చెప్పమనండి.’ ఆ జాబితాలో కులానికి గడి లేదు. అయినా ఏజెంట్ తడబడలేదు. కొద్ది నిమిషాల్లో కులాలవారీ పట్టిక మా ముందు పెట్టింది.

ఆ పట్టికలోని అంకెలను నేనిక్కడ రాయను. అది జ్ఞానం కాదు, ఊహకు వేసిన కోటు. ‘రావు’ అని ఉన్నవారినందరినీ అది ఒకే కులంలో కలిపేసింది. బ్రాహ్మణుల్లో, వెలమల్లో, కమ్మవారిలో, కాపుల్లో, దళితుల్లో రావులున్నారని దానికి తెలియదు. మన ఇంటిపేరు పాస్‌పోర్టులో చివరిపేరుగా మారుతుంది, కులసూచక పదం ఒకరికి సొంత పేరులో, మరొకరికి చివర చేరుతుంది. ఈ తికమకను అది గమనించలేదు. అన్నిటికీ మించి, బైబిలు పేర్లున్న తెలుగువారిని అసలు తెలుగువారిగానే గుర్తించలేదు. అంటే కోస్తా జిల్లాల పల్లెల నుంచి చదువుకుని సముద్రం దాటిన ఒక తరం లెక్కలోనే లేదు. రామాలయం పలక మీద లేనివారు ఇక్కడా లేరు. ఈసారి ‘వాడవాళ్ళు’ అన్న మాట కూడా దక్కలేదు.

పిల్లలు నవ్వారు. యంత్రానికి మన కులం అర్థం కాదులే అన్నారు. నాకు మాత్రం ఆ తప్పులకంటే, రేపు అది తప్పులు చేయకపోవడమే ఎక్కువ భయం కలిగించింది. మన సమాజంలో ఇంటిపేరు, సొంత ఊరు తెలిస్తే అదే జిల్లా మనిషి నిమిషంలో కులం చెప్పేస్తాడు. ఉద్యోగంలో చేరిన రోజు ‘మీదే ఊరండీ, ఇంటిపేరేమిటి’ అని ఎందుకడుగుతారో మనకందరికీ తెలుసు. ఆ పరిజ్ఞానమంతా కులసంఘాల డైరెక్టరీల్లో, పెళ్ళిసంబంధాల ప్రకటనల్లో, ఓటర్ల జాబితాల్లో ముక్కలు ముక్కలుగా పడి ఉంది. వాటిని ఒకచోట చేర్చే ఓపిక ఇన్నాళ్ళూ ఎవరికీ లేదు. ఏజెంట్‌కు ఓపిక ఒక సమస్య కాదు.

ఇక్కడ మన పక్షాన ఉన్న ఒక చిక్కును దాచకుండా చెప్పాలి. పేరును బట్టి కులాన్ని ఊహించే పద్ధతిని మనమూ వాడాం, వాడి గెలిచాం కూడా. భారతదేశంలోని అగ్రశ్రేణి వెయ్యి కంపెనీల బోర్డు సభ్యుల ఇంటిపేర్లను పరిశీలించి, వారిలో సుమారు 93 శాతం అగ్రవర్ణాలవారేనని 2012లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వెలువడిన పరిశోధన తేల్చింది. ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతం. ప్రైవేటు రంగంలో ‘ప్రతిభ’ అనే మాట వెనుక ఏముందో ఆ వ్యాసం చూపినంత స్పష్టంగా ఉపన్యాసాలేవీ చూపలేదు. కాబట్టి పేర్లు చూసి కులం లెక్కకట్టడమే పాపమని నేననలేను. ఆ పరిశోధకులు ఫలానా డైరెక్టరుది ఫలానా కులమని వేలెత్తి చూపలేదు. అధికార పీఠం మీద ఎవరు కూర్చున్నారో మొత్తంగా చెప్పారు. ఒక వ్యవస్థను కొలవడం వేరు, ఒక మనిషిని పట్టివ్వడం వేరు. ఈ తేడాను చట్టమూ సాధనమూ గుర్తించాలన్నదే నా వాదన.

వ్యవస్థను కొలిచే చోట ఈ సాధనం మనకెంత అవసరమో ఎన్నికల బాండ్ల కథ చెబుతుంది. 2018 జనవరి 2న నోటిఫై అయిన ఆ పథకం కింద దాత ఎవరో ఓటరుకు తెలియదు. ఐదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 2024 ఫిబ్రవరి 15న దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. వివరాలు ఇవ్వడానికి జూన్ 30 దాకా గడువు కావాలని స్టేట్ బ్యాంకు కోరింది. కోర్టు తిరస్కరించాక మార్చి 14న ఎన్నికల సంఘం రెండు జాబితాలు ప్రచురించింది. ఒకదానిలో కొన్నవారు, మరొకదానిలో పుచ్చుకున్న పార్టీలు. రెండింటినీ కలిపే బాండు సంఖ్య లేదు. కోర్టు మళ్ళీ గట్టిగా అడిగితే ఆ సంఖ్యలు మార్చి 21న వచ్చాయి. అప్పుడు పాత్రికేయులు, కంప్యూటరు తెలిసిన యువకులు గంటల వ్యవధిలో ఎవరి బాండు ఏ పార్టీ ఖాతాలో పడిందో జత చేశారు.

ఆ జాబితా మన రెండు రాష్ట్రాల గురించి చెప్పింది తక్కువేమీ కాదు. కొన్నవారిలో రెండో స్థానం హైదరాబాదు కేంద్రంగా ఉన్న మేఘా ఇంజనీరింగ్ సంస్థది, సుమారు 966 కోట్ల రూపాయలు. 2019 ఏప్రిల్ 12 నుంచి నగదుగా మార్చుకున్న మొత్తాల్లో భారత రాష్ట్ర సమితికి సుమారు 1,214 కోట్లు, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 337 కోట్లు, తెలుగుదేశానికి 219 కోట్లు. అగ్రస్థానంలోని భారతీయ జనతా పార్టీకి 6,060 కోట్లు. అదే జాబితాలో బహుజన సమాజ్ పార్టీ పేరు లేదు. పై జాబితాలో డబ్బు ఎక్కడి నుంచి ఎక్కడికి పారిందో, బోర్డుల్లో ఎవరున్నారో ఒక్క చూపులో పెట్టి చూడండి. దళిత, బహుజన పక్షాలు ఎన్నికల బరిలో ఎందుకు చతికిలపడతాయో సిద్ధాంత గ్రంథాలు అవసరం లేకుండానే అర్థమవుతుంది. కాంట్రాక్టుల జాబితా పక్కన విరాళాల జాబితా పెట్టి, తేదీలు సరిచూసి చెప్పగల ఏజెంట్ ప్రతి జిల్లా విద్యార్థి సంఘం చేతిలో ఉండాలని నేను కోరుకుంటాను.

అయితే దాతలందరూ ఒక జాతి కాదు. ఈ విషయం నాకు పుస్తకాల్లోంచి తెలియలేదు.

మా నాయన ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. ఎనభైల తొలినాళ్ళలో ఆయన జేబులో ఎప్పుడూ ఒక చిన్న రసీదు పుస్తకం ఉండేది. జీతాల రోజు సాయంత్రం రెండు రూపాయలు, ఐదు రూపాయలు వసూలు చేసేవారు. 1978 డిసెంబరు 6న కాన్షీరాం మొదలుపెట్టిన బామ్‌సెఫ్ ఇలాంటి ఉద్యోగుల చిల్లర మీదే నడిచింది. చదువు, ఉద్యోగం ఇచ్చిన సమాజానికి తిరిగి చెల్లించాలన్నది దాని సూత్రం. తరువాత 1984 ఏప్రిల్ 14న పార్టీ పుట్టినప్పుడూ, 1988లో అలహాబాదు ఉపఎన్నికలో కాన్షీరాం ఓటుతోపాటు ఒక నోటు కూడా అడిగినప్పుడూ అదే సూత్రం. కారంచేడు నుంచి తరలివచ్చి చీరాలలో శిబిరం వేసుకున్న బాధితులకు 1985లో మా నాయన పంపిన డబ్బు కూడా ఆ రసీదు పుస్తకంలోంచి వెళ్ళిందే.

ఒకరోజు పైఅధికారి ఆయన్ని పిలిచి, ‘ఎవరెవరు ఇస్తున్నారయ్యా, ఒకసారి జాబితా చూపించు’ అన్నాడు. స్వరం మామూలుగానే ఉంది. కానీ ప్రభుత్వోద్యోగి ఏ రాజకీయ ఉద్యమానికీ చందా ఇవ్వరాదని 1964 నాటి ప్రవర్తనా నియమావళి చెబుతుంది. ఆ నిబంధన ఎవరి మీద ప్రయోగిస్తారో, ఎవరి మీద ప్రయోగించరో ఆ గదిలోని ఇద్దరికీ తెలుసు. గుడి చందాల పుస్తకం అదే కార్యాలయంలో బల్లల మీద తిరుగుతుండేది. మా నాయన ‘ఇంటి దగ్గరుందండీ, తెస్తాను’ అని వచ్చి, రసీదుల అడ్డమూళ్ళన్నీ అమ్మ చేతికిచ్చాడు. ఆమె వాటిని బియ్యం డబ్బా అడుగున పెట్టింది. మరునాడు ‘పోయాయండీ’ అని చెప్పాడు. ఆ అడ్డమూళ్ళ మీద ఇరవైమందికి పైగా పేర్లున్నాయి. వారిలో స్వీపర్లున్నారు, అటెండర్లున్నారు, ప్రొబేషన్ ఇంకా పూర్తికాని కుర్రాళ్ళున్నారు.

సరిగ్గా ఇదే సమస్య అమెరికాలో నల్లజాతివారికి వచ్చింది. అలబామా రాష్ట్రం అక్కడి నల్లజాతి పౌరహక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీని సభ్యుల జాబితా ఇమ్మని కోరింది. సంఘం నిరాకరించింది, లక్ష డాలర్ల జరిమానా పడింది. 1958లో అమెరికా సుప్రీంకోర్టు ఆ సంఘం పక్షాన తీర్పిచ్చింది. పేర్లు బయటపడితే సభ్యుల ఉద్యోగాలు పోతాయి, దాడులు జరుగుతాయి, కాబట్టి జాబితా అడగడమే సంఘటిత స్వేచ్ఛను దెబ్బతీయడమని ఆ తీర్పు సారాంశం. అలబామా సంఘం చేసిన పనీ మా అమ్మ బియ్యం డబ్బా చేసిన పనీ ఒకటే. తేడా ఏమిటంటే వారికి సుప్రీంకోర్టు దొరికింది.

ఆ అడ్డమూళ్ళను ఇవాళ్టి కాలానికి తెచ్చి చూడండి. చందా ఫోన్‌పేలో పోతుంది. పన్ను రాయితీ రసీదు కావాలంటే దాత పేరు, చిరునామా, పాన్ లేదా ఆధార్ వంటి గుర్తింపు సంఖ్య, ఇచ్చిన మొత్తం అన్నీ ఆ ధార్మిక సంస్థ ఏటా ఫారం 10బీడీలో ఆదాయపు పన్ను శాఖకు సమర్పించాలి. సంస్థ వార్షిక సంచికలో ‘సహకరించిన మిత్రులు’ అని నాలుగు పేజీలు వేస్తారు. వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్ ఎక్కడో ఒకచోట నిలిచి ఉంటుంది. ఎవరూ ప్రత్యేకంగా పట్టించుకోకపోతే వీటివల్ల ప్రమాదం లేదు. ఇన్నాళ్ళూ మనల్ని కాపాడింది చట్టం కాదు, వెతకడంలోని శ్రమ. పత్రాలు చెదిరి ఉండటం ఒక ఎత్తు, వాటినన్నిటినీ కంప్యూటరు ఒక్కచోట క్రోడీకరించడం మరో ఎత్తు అని 1989లోనే అమెరికా సుప్రీంకోర్టు ఒక కేసులో గుర్తించింది. 2008లో కాలిఫోర్నియా వివాహ చట్టం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు, చట్టబద్ధంగా ప్రచురితమైన దాతల చిరునామాలను ఎవరో మ్యాపు మీద గుర్తులుగా పెట్టారు. సమాచారం కొత్తది కాదు. వెతికే శ్రమ తొలగడంతోనే దాత ఇంటి గుమ్మం కనబడింది.

మన దగ్గర ఆ గుమ్మం ఎవరిదవుతుంది? మొదట తట్టేది మాలపల్లెలో, మాదిగపల్లెలో ఉన్న ప్రార్థనా మందిరం తలుపు అని నా అనుమానం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ మతస్థులకే షెడ్యూల్డ్ కులం హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే ఉన్నారు. దళిత క్రైస్తవులను చేర్చాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానించింది. తీర్మానం తీర్మానంగానే ఉంది. ఈలోగా 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక ఉద్యోగార్థి కేసులో, బాప్తిస్మం, చర్చికి క్రమంగా వెళ్ళడం వంటి అంశాలను పరిగణించి, ఎస్సీ ధ్రువపత్రం నిరాకరణను సమర్థించింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా జీవిస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరజాలడని తీర్పిచ్చింది.

ఈ తీర్పుల మంచిచెడ్డలు వేరే వ్యాసానికి సంబంధించినవి. ఇక్కడ నా ప్రశ్న సాక్ష్యం గురించి. పల్లెలో మతం సర్టిఫికెట్లలో రాసినంత సూటిగా ఉండదు. అమ్మ ఆదివారం ప్రార్థనకు వెళుతుంది, అదే ఇంట్లో సంక్రాంతికి పెద్దలకు పెడతారు, పోలేరమ్మకు కోడిని కోస్తారు. కొడుకు బెంగుళూరు నుంచి అమ్మ మాట కాదనలేక చర్చి పైకప్పుకు ఐదు వేలు పంపుతాడు. చర్చివారు కృతజ్ఞతగా అతని పేరు అంతర్జాలంలో పెడతారు. గ్రూపు పరీక్షలో అతనితో పోటీపడి వెనుకబడిన వ్యక్తో, భూమి తగాదాలో అతని తండ్రి మీద కోపం పెంచుకున్న ఆసామో ఏజెంట్‌ను ఒక్క ప్రశ్న అడిగితే చాలు: ‘ఫలానా జిల్లాలో ఎస్సీ కోటా ఎంపిక జాబితాలోని పేర్లు, చర్చి దాతల జాబితాల్లోని పేర్లు సరిపోల్చు.’ ఎంపిక జాబితాలు బహిరంగమే, దాతల జాబితాలూ బహిరంగమే. పేరు ఒకటే అయిన మరో మనిషి చిక్కుకున్నా ఫిర్యాదు మాత్రం తయారవుతుంది. విచారణ ముగిసేసరికి ఉద్యోగం చేరే గడువు దాటిపోతుంది. ఐదు వేల రూపాయల కానుక ఒక కుటుంబం మూడు తరాల చదువును తాకట్టు పెట్టగలదు.

ఈ ముప్పుకు మన డేటా రక్షణ చట్టంలో జవాబు ఉందా అని వెతికాను. 2019 నాటి బిల్లు ముసాయిదాలో ‘కులం లేదా తెగ’, మత విశ్వాసం, రాజకీయ అనుబంధం సున్నితమైన వ్యక్తిగత సమాచారం జాబితాలో ఉండేవి. వాటికి అదనపు రక్షణ ఉద్దేశించారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ వర్గీకరణనే తీసేసింది. ఇప్పుడు చట్టం దృష్టిలో మీ కులమూ మీ షూ సైజూ ఒకే తరహా సమాచారం. అంతేకాదు, వ్యక్తి తానుగా బహిరంగపరచిన సమాచారానికి, చట్టబద్ధమైన బాధ్యత కింద మరొకరు బహిరంగపరచిన సమాచారానికి ఈ చట్టమే వర్తించదు. చట్టప్రకారం ప్రచురించే దాతల జాబితాలు సరిగ్గా ఆ సందులోకే వస్తాయి. మరోవైపు ఇదే చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షనును సవరించి, వ్యక్తిగత సమాచారమన్న పేరుతో అధికారుల వివరాలు నిరాకరించడానికి దారి వెడల్పు చేసింది. పెద్దల తలుపుకు గడియ, పేదల తలుపుకు కిటికీ.

నా వాదన మీద రాగల ఆక్షేపణ బలమైనదే. చిన్న దాతకు గోప్యత కావాలంటే పెద్ద దాత చిన్నదాత వేషం వేస్తాడు. 20 వేల రూపాయలకు మించిన విరాళాల వివరాలే పార్టీలు ప్రకటించాలి. దానికి లోబడిన ముక్కలుగా కోసి కోట్లు చూపవచ్చు. ఒక్క పెద్ద విరాళమూ రాలేదని బహుజన సమాజ్ పార్టీ ఏళ్ళ తరబడి ప్రకటిస్తున్నప్పుడు, అది పేదల పార్టీ కాబట్టి అని కొందరు, లెక్క చెప్పకపోవడానికని మరికొందరు అంటారు. రెండో మాటను మన పార్టీ కదా అని కొట్టిపారేయడం నిజాయితీ కాదు. అమెరికాలోనూ ఇదే జరిగింది. నల్లజాతి సంఘం 1958లో గెలుచుకున్న తీర్పును ఆధారం చేసుకుని, 2021లో సంపన్న దాతల అండ ఉన్న అమెరికన్స్ ఫర్ ప్రాస్పరిటీ ఫౌండేషన్, తమ పెద్ద దాతల పేర్లు కాలిఫోర్నియా ప్రభుత్వానికి చెప్పనక్కరలేదని తీర్పు తెచ్చుకుంది. పీడితుడి డాలు పీడకుడి భుజానికి ఎక్కడం ఎంత సులువో ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

అయినా ఈ చిక్కుకు పరిష్కారం లేకపోలేదు. బాండ్ల తీర్పులోనే దాని బీజం ఉంది. రాజకీయ అనుబంధం వ్యక్తి గోప్యతలో భాగమని సుప్రీంకోర్టు అంగీకరించింది. మద్దతుగా ఇచ్చే చందాకు ఆ రక్షణ ఉంటుందని, ప్రభుత్వ విధానాన్ని వంచడానికి ఇచ్చే సొమ్ముకు ఉండదని తేడా చెప్పింది. ఆ తేడాను యంత్రాల యుగానికి అనువదించుకోవాలి.

మొదటిది, కంపెనీలు, ట్రస్టులు, ప్రభుత్వ కాంట్రాక్టులున్నవారు, పెద్దమొత్తాలు ఇచ్చే వ్యక్తులు ఎంత ఇచ్చారో పూర్తిగా, యంత్రం చదవగల రూపంలో, గుర్తింపు సంఖ్యలతో సహా ప్రచురించాలి. స్కాను చేసిన బొమ్మల పీడీఎఫ్‌లు పారదర్శకత కాదు. రెండవది, చిన్న దాతల పేర్లు ఆడిటరు చూడాలి, సరిచూడాలి, ముక్కలు చేసి ఇచ్చినవారిని పట్టుకోవాలి. కానీ ఆ పేర్లు వెతుకులాటకు దొరికేలా బజారులో పెట్టనక్కరలేదు. మూడవది, కులం, తెగ, మతం, రాజకీయ అనుబంధాన్ని చట్టం తిరిగి సున్నిత సమాచారంగా గుర్తించాలి. చెప్పిన సమాచారాన్నే కాదు, పేరు నుంచి యంత్రం ఊహించిన సమాచారాన్ని కూడా. సమూహాల మీద పరిశోధనకు అనుమతి ఉండాలి, ఫలానా వ్యక్తికి కులం అంటగట్టే పట్టికకు ఉండకూడదు. నాలుగవది, కానుకల రసీదులు, దాతల జాబితాలు కుల ధ్రువపత్రాల విచారణలో సాక్ష్యంగా చెల్లవని ప్రభుత్వాలు స్పష్టమైన ఉత్తర్వులివ్వాలి. మతం మారితే అస్పృశ్యత పోదన్న మూల ప్రశ్న తేలేదాకా కనీసం ఇంతైనా చేయాలి.

సాధనాలు తయారుచేసేవారిలో మన పిల్లలు చాలామంది ఉన్నారు. హైదరాబాదులో, డాలస్‌లో, బే ఏరియాలో కూర్చుని ఈ అనుసంధానాలు రాస్తున్నది వారే. వారికి ఒక మాట. ఇంటిపేరును ప్రశ్నగా తీసుకుని కులాన్ని జవాబుగా ఇవ్వమన్నప్పుడు సాధనం ‘ఇది నేను చేయను’ అనేలా రాయడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. కులం పరిచయం లేని కంపెనీ ఆ వాక్యం రాయాలని తలచదు. దాని బరువు తెలిసినవారు రాయగలరు.

దళిత, బహుజన విద్యార్థులకు మరో మాట. ఇది మనకు పనికిరాని యంత్రమని దూరంగా పెట్టకండి. బాండ్ల సంఖ్యలు జతచేసిన యువకుల్లా కాంట్రాక్టుల జాబితాను, విరాళాల జాబితాను మీరే పక్కపక్కన పెట్టండి. అడిగే ప్రశ్న పైకి చూస్తోందా, కిందికి చూస్తోందా అన్నది మాత్రం ప్రతిసారీ పరీక్షించుకోండి.

మా నాయన పోయాక బియ్యం డబ్బా అడుగున ఆ అడ్డమూళ్ళు దొరికాయి. చాలామంది ఇప్పుడు లేరు. వారి పేర్లు వరుసగా రాసి ఈ పత్రికలో అచ్చువేయాలని, మా ఊరి నల్లరాతి పలకకు జవాబుగా నిలపాలని ఒక క్షణం అనిపించింది. విధికుడి పేరు నిలిచినట్లే వారి పేర్లూ నిలవాలి. కానీ విధికుడు తన పేరు తానే చెక్కించుకున్నాడు. వీరు నన్నడగలేదు. వారి మనుమలు కొందరు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. ముందు వారినడగాలి. అడిగేదాకా ఆ కాగితాలు డబ్బా అడుగునే ఉంటాయి.